అంగిట్లో బుడిపె... నొప్పి లేదని వదిలేయకండి

నాలుక కొనను పైవరుస ముందు పళ్ల వెనక ఆనించి మెల్లగా వెనక్కి జరపండి. మొదట ఓ చిన్న మెత్తటి బుడిపె తగులుతుంది. ఆ తర్వాత దువ్వెనతో గీసినట్టు అడ్డంగా మడతలు. ఇంకాస్త వెనక్కి వెళితే గట్టిగా, నున్నగా ఉండే భాగం. నాలుక అందని చోట అది మెత్తబడి కొండనాలుక దగ్గర ముగుస్తుంది. ఇదంతా అంగిలి. ముందు మూడింట రెండు వంతులు లోపల ఎముక ఉంటుంది, వెనక వంతు కండరం.

మొదట తగిలిన ఆ బుడిపె అందరికీ ఉంటుంది. దాని కింద నుంచి సన్నని నరం, రక్తనాళం వెళతాయి. వేడి వేడి చాయ్ తాగినప్పుడో, గట్టి సకినం గుచ్చుకున్నప్పుడో అది వాచి నొప్పి పెడుతుంది. అప్పటిదాకా దాని ఊసే తెలియని మనిషి అద్దం ముందు నిలబడి ఫోన్ లైటు వేసుకుని చూసి బెంబేలెత్తిపోతాడు. 'సార్, నోట్ల మీదికి ఏదో గడ్డ లెక్క తగుల్తుంది' అంటూ ఓపీకి వచ్చేవాళ్లలో కొందరు చూపించేది ఈ బుడిపెనే. వాళ్లకు మందు రాయను. ఇంట్లో వాళ్లకూ అక్కడే ఉంటుంది, చూసుకోండని చెప్పి పంపిస్తాను.

కానీ అసలు చిక్కు వీళ్లతో కాదు. నొప్పి ఉంటే మనం ఆ రోజే పరుగెత్తుకొస్తాం. నొప్పి లేకపోతే ఏడాదైనా ఆగుతాం. అంగిలి విషయంలో ఈ లెక్క చాలాసార్లు తలకిందులవుతుంది. బాగా నొప్పి పెట్టేవాటిలో ఎక్కువ భాగం వారం పది రోజుల్లో తగ్గిపోయేవి, లేదా పంటి వైద్యంతో కుదిరేవి. భయపడాల్సిన వాటిలో చాలా వరకు మొదట్లో నొప్పే ఉండదు.

పిల్లల నోట్లో

పుట్టిన బిడ్డ అంగిట్లో నడిమి గీత వెంట తెల్లగా ఆవగింజలంత పొక్కులు కనిపిస్తాయి. ముత్యాల్లా ఉంటాయి కాబట్టి వైద్యంలోనూ వాటిని ముత్యాలనే పిలుస్తాం. పళ్లతో పుట్టిందని, అరిష్టమని ఇంట్లో పెద్దవాళ్లు హైరానా పడతారు. కొందరు గుడ్డతోనో, ఉప్పుతోనో రుద్దేస్తారు. రుద్దితే పసిబిడ్డ నోరు పుండు పడుతుంది, సూక్ష్మక్రిములు లోపలికి చేరతాయి. ఏమీ చేయకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. పెరుగు తరకల్లా తెల్లగా అంటుకుని, తుడిస్తే కింద ఎర్రగా కనిపిస్తే మాత్రం అది ఫంగస్. దానికి చుక్కల మందు ఉంది, డాక్టరుకు చూపించండి.

అంగన్‌వాడీకీ, బడికీ వెళ్లే పిల్లల్లో జ్వరంతో పాటు అంగిలి వెనక భాగంలో చిన్న చిన్న నీటి పొక్కులు వస్తే అది సాధారణంగా వైరస్ పని. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తే చేయి-పాదం-నోరు జబ్బు అంటాం. పశువులకు వచ్చే గాలికుంటు వేరు, ఇది వేరు. ఈ పొక్కులకు యాంటీబయాటిక్ పనిచేయదు. బరువుకు తగ్గ మోతాదులో పారాసెటమాల్, చల్లటి మజ్జిగ, పలుచని జావ చాలు. వారం పది రోజుల్లో తగ్గుతుంది. బిడ్డ నీళ్లు కూడా మింగడం లేదన్నా, ఆరేడు గంటలుగా మూత్రం పోయలేదన్నా ఇంట్లో ఉంచుకోవద్దు.

చెరకు ముక్క నుంచి చెడిన పన్ను దాకా

మా వైపు ఓ ప్రత్యేకమైన గాయం ఉంది. బోధన్‌లో నిజాం షుగర్స్ క్రషింగ్ ఆగి ఏళ్లు గడిచినా ఈ చుట్టుపక్కల పిల్లలు చెరకు గడ నమలడం ఆగలేదు. పళ్లతో తొక్క చీల్చేటప్పుడు పీచు అంగిట్లో దిగుతుంది. పైకి గాయం మానినట్టే ఉంటుంది. లోపల పీచు ముక్క మిగిలిపోతే నాలుగు రోజులకు దాని చుట్టూ ఎర్రని బుడిపె తయారవుతుంది. చేప ముల్లు, జొన్న పొట్టు కూడా అంతే. ఇంట్లో పిన్నీసుతో తోడొద్దు. తీయాల్సిన ముక్క ఉంటే డాక్టరు రెండు నిమిషాల్లో తీసేస్తారు.

వేడికి కాలిన అంగిలి, గట్టి జొన్నరొట్టె అంచు గీసుకున్న చోటు ఏడు నుంచి పది రోజుల్లో మానతాయి. గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే చాలు. అప్పటిదాకా కారం, పులుపు తగ్గించండి. చాలామంది దీనికి 'వేడి చేసింది' అని పేరు పెట్టి బీ కాంప్లెక్స్ మాత్రలు కొనుక్కుంటారు. విటమిన్ లోపం వల్ల పెదవుల మూలలు పగలవచ్చు, నాలుక మండవచ్చు. అంగిట్లో గడ్డ మాత్రం దానివల్ల రాదు.

ఇక పన్ను. అంగిట్లో ఒక పక్కన, పంటికి దగ్గరగా, ఒకటి రెండు రోజుల్లో ఉబ్బి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పెడుతుంటే అక్కడి పన్ను చెడిందేమో చూడాలి. పై దవడ పళ్లలో కొన్నింటి వేళ్లు బుగ్గ వైపు కాకుండా అంగిలి వైపు ఉంటాయి. దవడ పళ్లలో ఒక వేరు, ముందు పళ్ల పక్కనుండే పన్ను వేరు అలాంటివే. వాటి కొనలో చీము పడితే బుగ్గ వాచదు, అంగిలి వాస్తుంది. పైనుంచి పన్ను బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ దాని మీద అనుమానం రాదు. మెడికల్ షాపులో ఐదు రోజుల యాంటీబయాటిక్ తీసుకుంటే వాపు తగ్గుతుంది. నెలకో, రెండు నెలలకో మళ్లీ వస్తుంది. మళ్లీ అదే మందు. ఇలా మూడు నాలుగు కోర్సులు వాడాక వచ్చేవాళ్లను ప్రతి వారం చూస్తుంటాను. చీము పుట్టే చోటు పంటి లోపల ఉన్నప్పుడు మాత్ర ఎన్నిసార్లు మింగినా లాభం లేదు. రూట్ కెనాల్ చేయించాలి, లేదా పన్ను తీయించాలి. అంతకు మించి మూడో దారి లేదు.

ముందు పళ్ల వెనక బుడిపె అప్పుడప్పుడూ ఉబ్బుతూ, నోట్లోకి ఉప్పగా నీరు ఊరుతుంటే అక్కడ ఎముకలో నీటితిత్తి ఉండొచ్చు. ఎక్స్‌రేలో తెలుస్తుంది. చిన్న ఆపరేషన్‌తో పోతుంది.

రాయిలాంటి గడ్డ

అంగిలి సరిగ్గా నడిమధ్యన, గీత గీసినట్టు, రాయిలా గట్టిగా ఉండే గడ్డ ఒకటుంది. వేలితో నొక్కినా కదలదు, నొప్పి లేదు, పైన చర్మం మామూలు రంగులోనే ఉంటుంది. టోరస్ అంటాం. ఎముకే కాస్త పెరిగి బయటికి వచ్చిందన్నమాట. ఆడవాళ్లలో ఎక్కువ. యవ్వనం నుంచీ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది కాబట్టి 30, 40 ఏళ్లు వచ్చాక గానీ గుర్తించరు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. కట్టుడు పళ్లు పెట్టించుకునేటప్పుడు అడ్డొస్తే తప్ప కదిలించనక్కర్లేదు.

ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోండి: నడిమధ్యన, రాయిలా. ఈ రెండూ ఉంటేనే నిశ్చింత. పక్కకు జరిగి ఉందా, రాయిలా కాకుండా రబ్బరులా ఉందా, అప్పుడు కథ వేరు.

పక్కన, నున్నగా, నొప్పి లేకుండా

నోట్లో ఉమ్మి ఊరేది చెవుల ముందు, దవడ కింద ఉండే పెద్ద గ్రంథుల నుంచే కాదు. పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో కలిపి 600 నుంచి 1000 దాకా బుల్లి లాలాజల గ్రంథులున్నాయి. అంగిట్లో ఇవి గట్టి భాగం, మెత్తటి భాగం కలిసే చోట, నడిమి గీతకు అటూ ఇటూ ఎక్కువగా ఉంటాయి. ఈ బుల్లి గ్రంథుల్లో కణితి పుడితే అది ఎక్కువగా అంగిట్లోనే పుడుతుంది. ఇంకో సంగతి, పెద్ద గ్రంథుల్లో వచ్చే కణితుల్లో చాలా వరకు మామూలువి. ఈ బుల్లి గ్రంథుల్లో వచ్చేవి దాదాపు సగం క్యాన్సర్లు. ఏది ఏదో కంటితో చూసి చెప్పలేం. రెండూ మొదట్లో నున్నగా, గుండ్రంగా, నొప్పి లేకుండానే ఉంటాయి.

బోధన్ వైపు నుంచి బీపీ మాత్రల కోసం వచ్చే 50 ఏళ్ల ఆమె ఒకరు మాటల మధ్యలో అన్నం మెతుకులు అంగిట్లో ఒక పక్క ఇరుక్కుంటున్నాయన్నారు. నోరు తెరిపించి చూస్తే ఎడమ పక్క రేగిపండంత గడ్డ. ఎన్నాళ్ల నుంచి అంటే ఏడాదిన్నర. 'నొప్పి లేకపాయె సార్, ఉంటే రాకపోదునా' అన్నారు. హైదరాబాద్‌లో ముక్క తీసి పరీక్షిస్తే అదృష్టవశాత్తు మామూలు కణితి. చుట్టూ కాస్త అంచుతో సహా తీసేశారు. ఇలాంటి మామూలు కణితిని కూడా ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. ఇంకో జాతి కణితి నరం వెంట పాకుతుంది. పైపెదవి, బుగ్గ, ముక్కు పక్కన తిమ్మిరి పట్టినట్టుంటే దాని మీద అనుమానపడాలి.

కాబట్టి లెక్క ఇది. అంగిట్లో ఏ పుండైనా, బుడిపెయైనా, తెల్ల లేదా ఎర్ర మచ్చయినా రెండు వారాలు దాటి ఉంటే చూపించాల్సిందే. మొదటి రోజే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పద్నాలుగో రోజు మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. 'పెరిగినట్టుంది, తగ్గినట్టుంది' అనే మాటల కన్నా ఆ రెండు ఫొటోలు డాక్టరుకు ఎక్కువ చెబుతాయి.

బీడీ, చుట్ట, అడ్డపొగ

మన జిల్లాలో వేల ఇళ్లలో ఆడవాళ్లు తునికాకు కత్తిరించి బీడీలు చుడతారు. చుట్టే చేతులకు వచ్చే కష్టాలు వేరే. అంగిలి దెబ్బతినేది తాగేవాళ్లకు. రోజూ తాగేవాళ్ల అంగిలి బూడిద తెలుపుగా, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లతో తయారవుతుంది. దాని మీద ఎర్రటి చుక్కలున్న బుడిపెలు లేస్తాయి. ఆ చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. పొగ కన్నా వేడి చేసే చేటు ఇది. మామూలుగా తాగేవాళ్లలో ఈ మార్పు చాలావరకు నిరపాయకరమే. బీడీ మానేసిన కొన్ని వారాలకే అంగిలి మళ్లీ గులాబీ రంగుకు తిరుగుతుంది. మానమని నేను చెప్పే పది మాటల కన్నా, నెల తర్వాత అద్దంలో చూసుకున్న సొంత అంగిలి ఎక్కువ పనిచేయడం చూశాను.

అయితే నిప్పు ఉన్న కొనను నోటి లోపల పెట్టుకుని తాగితే మాత్రం అది నిరపాయకరం కాదు. ఈ సంగతి ప్రపంచ వైద్యానికి తెలిసింది తెలుగు నేల నుంచే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలో ముఖ్యంగా ఆడవాళ్లు చుట్టను ఇలా తిరగేసి తాగుతారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని, చంకలో బిడ్డకు నిప్పు తగలదని రకరకాల కారణాలు చెబుతారు. ఆ తీరంలో అంగిలి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న సంబంధం గురించి 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత డెన్మార్క్ దంతవైద్య శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థకు చెందిన ఫాలీ మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో వందకు 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. వేరేచోట్ల పొగాకు క్యాన్సర్ బుగ్గలో, నాలుక మీద ఎక్కువగా వస్తే ఇక్కడ అంగిట్లో వస్తోందని తేలింది. నిప్పు ఎక్కడ తగిలితే జబ్బు అక్కడే.

మీ ఇంట్లో, బంధువుల్లో పెద్దావిడ ఎవరైనా ఇలా తాగుతుంటే ఆమె పుండు గురించి చెప్పేదాకా ఆగకండి. ఏడాదికి రెండుసార్లు నోరు చూపించండి. పై సెట్టు కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లయితే తీసి మరీ చూడమనండి.

షుగర్ ఉన్నవాళ్లకు

కట్టుడు పళ్ల కింద అంగిలి ఎర్రబడి, గులకరాళ్లు పరిచినట్టు చిన్న బుడిపెలు లేస్తే అది ఒరిపిడికి ఫంగస్ తోడైన ఫలితం. రాత్రి సెట్టు తీసి శుభ్రంగా తోమి నీళ్లలో పెట్టండి. వదులైన సెట్టును సరిచేయించుకోండి. ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడేవాళ్లకూ ఇదే ఫంగస్ వస్తుంది. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలా వరకు రాదు.

షుగర్ అదుపు తప్పినవాళ్ల విషయం మాత్రం ఇంత తేలిక కాదు. 2021 మే నెలలో కొవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్‌ను మన రాష్ట్రంలో తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించడం, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. కొవిడ్ వెనక్కి తగ్గినా ఆ ఫంగస్ ఎక్కడికీ పోలేదు. షుగర్ బాగా పెరిగి, ముఖంలో ఒక పక్క నొప్పి, ముక్కు నుంచి నల్లటి చీమిడి, కంటి చుట్టూ వాపు, పై పళ్లు కదలడం, అంగిట్లో బూడిద రంగు లేదా నల్లటి మచ్చ ఉంటే రెండు వారాల లెక్క దీనికి వర్తించదు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. కుళ్లిన భాగాన్ని ఆపరేషన్‌తో తీసేసి, సెలైన్‌లో ఆంఫోటెరిసిన్ ఎక్కించాలి. ఇక్కడ ఒక్క రోజు ఆలస్యమైనా కన్ను పోవచ్చు.

అదే రోజు వెళ్లాల్సినవి ఇంకా ఉన్నాయి. వాపుతో పాటు జ్వరం వచ్చి నోరు తెరుచుకోకపోవడం, మింగలేక చొంగ కారడం, ఏదో మందు వేసుకున్న కాసేపటికే కొండనాలుక ఉబ్బి ఊపిరాడకపోవడం. చివరిదానికి 108కి ఫోన్ చేయండి.

డిచ్‌పల్లి చెప్పే ఇంకో కారణం

డిచ్‌పల్లి అనగానే పాతతరానికి గుర్తొచ్చేది విక్టోరియా ఆసుపత్రి. గత శతాబ్దం తొలి దశకాల్లో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, స్థానిక దాత రాజా నర్సాగౌడ్ సాయంతో కుష్ఠు రోగుల కోసం దీన్ని నిలబెట్టారు. చాల్‌మూగ్రా జాతి నూనె సూదులు తప్ప వేరే మందులేని కాలమది. అప్పటి రోగుల్లో జబ్బు ముదిరినవాళ్లకు అంగిట్లో గడ్డలు లేచి, పుండ్లు పడి, చివరికి ముక్కులోకి చిల్లు పడేది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి.

ఇప్పుడు అంతదాకా వచ్చినవాళ్లు చాలా అరుదు. దేశస్థాయిలో పదివేల మందికి ఒకటి కన్నా తక్కువకు కేసులు దిగాయని 2005 చివరిలో ప్రకటించారు. అయినా జబ్బు మాయమైపోలేదు, దేశంలో ఏటా లక్షకు అటూ ఇటూగా కొత్త రోగులు బయటపడుతూనే ఉన్నారు. అంగిట్లో గడ్డలతో పాటు చెవి తమ్మెలు మందంగా అవడం, కనుబొమ్మల వెంట్రుకలు రాలడం, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలు ఉంటే సిగ్గుపడకుండా పీహెచ్‌సీకి రండి. మందులు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడితే నయమవుతుంది. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. రోగిని ఇంట్లోంచి వేరు చేయాల్సిన పని లేదు.

ఏమీ రాయకుండా రండి

మన జిల్లా పసుపుకు పేరున్నది నిజమే. కానీ అంగిలికి పసుపు పట్టించి వస్తే కింద ఉన్నది తెలుపో, ఎరుపో మాకు కనపడదు. సున్నం, బూడిద, పొగాకు పొడి, లవంగ నూనెలో ముంచిన దూది, ఆస్ప్రిన్ మాత్ర నేరుగా పుండు మీద అదిమి పెట్టడం, ఇవన్నీ కాలుస్తాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఊరికే పుట్టలేదు. చూపించుకోవడానికి వచ్చే రోజు నోరు నీళ్లతో కడుక్కుని వస్తే చాలు.

మొదట వెళ్లాల్సింది దంతవైద్యుడి దగ్గరికి, లేదా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెళ్లొచ్చు. పెద్ద పరీక్షలు అవసరమైతే హైదరాబాద్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, క్యాన్సర్ అని తేలితే ఎంఎన్‌జే ఆసుపత్రి ఉన్నాయి. క్యాన్సర్ చికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది.

అక్కడ ముక్క పరీక్ష అనగానే చాలామంది వెనక్కి తిరుగుతారు. 'ముక్క తీస్తే పాకుతుందంట' అనే మాట మా ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. తీయకుండా తిరిగిన ఆరు నెలల్లో దానంతట అదే పాకుతుంది. మత్తు సూది ఇచ్చి మినుపగింజంత ముక్క తీస్తారు, పది పదిహేను నిమిషాల పని. ఆ రోజే ఇంటికి రావచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

కణితి పెద్దదై అంగిలి ఎముకతో సహా తీయాల్సి వచ్చినా మాట, తిండి పోయినట్టు కాదు. ఆ ఖాళీని మూసేలా కట్టుడు పళ్లతో కలిపి ఒక ప్లేటు తయారు చేస్తారు. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. తర్వాత అన్నం తింటారు, ఫోన్లో మాట్లాడతారు. చిన్నగా ఉన్నప్పుడే వస్తే ఆ ప్లేటు అవసరమే రాకపోవచ్చు.

ముక్క పరీక్ష ఫలితం రావడానికి వారం పది రోజులు పడుతుంది. ఫోన్ చేసి 'ఏం లేదంట కదా' అని కనుక్కుని ఊరుకోవద్దు. కాగితం చేత్తో పట్టుకుని, ముక్క తీసిన డాక్టరుకే చూపించండి.